ఏమీ అనిపించని రోజు కూడా యాత్రే

(మా విచారణ, అంటే మా కతోలిక చర్చి సంఘం, ధ్యానదినాన చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, పెద్దలకు, అక్కలకు, అన్నలకు, పిల్లలకు ప్రభువు పేరిట వందనాలు. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ముందు వరుసలో చోటుంది. రండమ్మా, పర్వాలేదు, నేనింకా మొదలుపెట్టలేదు.

ఫాదర్ గారు మొన్న నన్ను పిలిచి, "వచ్చే నెల మనవాళ్ళు లూర్దు యాత్రకు బయలుదేరుతున్నారు, మీరు వెళ్ళొచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఏం చెప్పమంటారు ఫాదర్ అని అడిగాను. "అక్కడ మీకు ఏం జరిగిందో అది చెప్పండి చాలు" అన్నారు. అప్పట్నుంచి నాకు టెన్షనే. ఎందుకంటే అక్కడ నాకు ఏమీ జరగలేదు. మొదటి రోజు జరగలేదు, రెండో రోజూ జరగలేదు. చాలా ఆలోచించాను, ఇది చెప్పొచ్చా అని. చివరికి, ఇదే చెప్పాలి అనుకున్నాను. ఎందుకంటే వెళ్ళేవాళ్ళలో కొందరికైనా ఇలాగే అవుతుంది. అప్పుడు మీరు భయపడకూడదు.

లూర్దు వెళ్ళాలన్నది నా చిన్నప్పటి కోరిక. ఫ్రాన్సులోని ఆ ఊళ్ళో, ఒక గుహ దగ్గర, 1858లో బెర్నదెత్ అనే చిన్నపిల్లకు మరియమాత దర్శనమిచ్చింది. మా ఇంట్లో గోడకు ఒక క్యాలెండర్ బొమ్మ ఉండేది. గుహ, గుహలో మాత, ముందు మోకాళ్ళ మీద ఒక చిన్నపిల్ల. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని పారేయలేదు. తేదీల కాగితం చింపేసి బొమ్మను మాత్రం అలాగే ఉంచింది. రోజూ సాయంత్రం దాని ముందే జపమాల. ఆ బొమ్మను చూస్తూ పెరిగిన మనిషిని, ఇన్నేళ్ళకు అక్కడికి వెళుతున్నాను. ఎంత ఆశ పెట్టుకుని వెళ్ళుంటానో మీరే ఊహించండి. గుహ కనబడగానే ఏడ్చేస్తాననుకున్నాను. జేబులో రెండు చేతిరుమాళ్ళు కూడా పెట్టుకున్నాను.

గుహ కనబడింది. ఏమీ అనిపించలేదు.

వరుసలో నిలబడ్డాను. వరుస మెల్లగా కదిలింది. గుహలోకి వెళ్ళేవాళ్ళందరూ పక్కనున్న రాతిని చేత్తో తాకుతూ నడుస్తారు. నేనూ తాకాను. ఆ రాయి గురించి మీకు చెప్పాలి. చెయ్యి అందే ఎత్తులో అది నున్నగా అరిగిపోయి ఉంది, అద్దంలా మెరుస్తోంది. చల్లగా, కాస్త తడిగా ఉంది. తల ఎత్తి చూస్తే, చెయ్యి అందని చోట రాయి రాయిలాగే గరుకుగా ఉంది. 1858 నుంచి ఎన్ని చేతులు తాకితే ఒక కొండరాయి అలా అరుగుతుంది? లోపల ఊట ఉంది, పైన అద్దం వేసి ఉంచారు, కిందనుంచి నీళ్ళు కదులుతూ కనిపిస్తాయి. చూశాను. వెనకవాళ్ళు వస్తున్నారు, ముందుకు కదిలాను. అంతే, బయటికొచ్చేశాను. ఒక నిమిషం పట్టిందేమో.

గుహ ఎదురుగా ఏరు పారుతుంది. ఆ గట్టు మీద కూర్చుని, ఇంతేనా అనుకున్నాను. తర్వాత భయం వేసింది. నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందా? పక్కన కూర్చున్నామె కళ్ళు తుడుచుకుంటోంది. నా చేతిరుమాళ్ళు మడత కూడా విప్పలేదు.

మీకెప్పుడైనా ఇలా అయిందా? దివ్యబలిపూజలో కూర్చుంటారు, పాటలు బాగున్నాయి, ప్రసంగం బాగుంది, మనసు మాత్రం ఎండిపోయి ఉంటుంది. చెయ్యి ఎత్తక్కర్లేదు. నాకు తెలుసు, అందరికీ అయ్యే ఉంటుంది.

ఆ సాయంత్రం గదికొచ్చాక నాకు చిన్న తెరేజమ్మ గుర్తొచ్చింది, ఫ్రాన్సు దేశపు పునీతురాలు. ఆవిడ చేసిన ఒక యాత్ర గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోం. 1887 నవంబరు. తెరేజమ్మకు అప్పుడు 14 ఏళ్ళు. 15 ఏళ్ళకే కార్మెల్ అనే కన్యాస్త్రీల మఠంలో చేరాలని పట్టుదల. చిన్నపిల్లవి, ఇప్పుడే కాదన్నారు పెద్దలు. అప్పుడు తండ్రితో, అక్క సెలీన్‌తో కలిసి రోము యాత్రకు బయలుదేరింది. ఎందుకు? పోపుగారినే అడిగేద్దామని. నవంబరు 20న 13వ లియో పోపుగారి దర్శనం. యాత్రికులు ఒక్కొక్కరే వెళ్ళి, మోకరించి, దీవెన తీసుకుని లేచి రావాలి. ఎవరూ మాట్లాడకూడదని ముందే గట్టిగా చెప్పారు. ఈ పిల్ల మోకరించింది, మాట్లాడింది. 15 ఏళ్ళకు నన్ను కార్మెల్‌లో చేరనివ్వండి అని అడిగింది. పోపుగారు ఏమన్నారు? పైవాళ్ళు చెప్పినట్టు చెయ్యి తల్లీ, దేవుని చిత్తమైతే చేరతావులే అన్నారు. ఇంకా బతిమాలుతుంటే భటులు వచ్చి రెండు పక్కలా పట్టుకుని లేపి పంపేశారు.

ఆలోచించండి. అంత దూరం వెళ్ళింది. అడగాల్సినవాళ్ళనే అడిగింది. ఏడుస్తూ తిరిగొచ్చింది. యాత్ర ఫెయిలయినట్టే కదా? మన లెక్కలో అయితే ఫెయిలే. ఆ తర్వాత కొన్ని నెలలకు, 1888 ఏప్రిల్ 9న, ఆమె కార్మెల్‌లో చేరింది. అక్కడినుంచి మళ్ళీ బయటికి రాలేదు. 24 ఏళ్ళకే చనిపోయింది. ఆ నాలుగు గోడలు దాటని ఆవిడను 1927లో వేదప్రచారానికి పాలక పునీతురాలిగా ప్రకటించారు. వేదప్రచారం అంటే దేశదేశాలు తిరిగేవాళ్ళ పని. దానికి తల్లిగా ఎవరిని పెట్టారు? మఠం గడప దాటని పిల్లను.

ఇంకొక్క మాట. ఒంటరిగా జపమాల చెప్పుకోవడం తనకు ఎంత కష్టమో ఆవిడే రాసుకుంది. మనసు నిలవదు, ఎంత ప్రయత్నించినా నిలవదు అని. ధ్యానంలో నిద్రపోయేది కూడా. బతికిన చివరి ఏడాదిన్నర ఆవిడ ఆత్మ చీకట్లోనే ఉంది, పరలోకం ఉందన్న ఆలోచన కూడా ఊరటనివ్వలేదు. ఈవిడను శ్రీసభ, అంటే మన కతోలిక చర్చి, 1925లో పునీతురాలిని చేసింది, 1997లో శ్రీసభ పండితురాలు అంది. ఏమీ అనిపించకపోవడం విశ్వాసం లేకపోవడం అయితే, తెరేజమ్మను ఏమనాలి?

నేను ఇన్నాళ్ళూ ఒక పొరపాటులో ఉన్నాను. విశ్వాసం లోతుగా ఉంటే మనసు కరగాలి, ఒళ్ళు పులకరించాలి అనుకున్నాను. ఒళ్ళు పులకరిస్తే మంచిదే. దేవుడిచ్చాడు, స్తోత్రం. ఇవ్వకపోతే? ఇవ్వని రోజున కూడా కాళ్ళు ఉన్నాయి, మోకాళ్ళు ఉన్నాయి, చేతివేళ్ళు ఉన్నాయి. యాత్ర అన్నది మనసుతో మొదలయ్యేది కాదండీ, కాళ్ళతో మొదలయ్యేది. మనసు వెనకాల నడిచొస్తుంది. ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది.

మన జపమాలే చూడండి. పూర్వం మఠాల్లో బైబిల్లోని 150 కీర్తనలు పాడేవారు. చదువురాని విశ్వాసులకు కీర్తనలు ఎలా వస్తాయి? వాటి బదులు చిన్న జపాలు లెక్కపెట్టుకుంటూ చెప్పుకునేవారు. అలా మరియమ్మకు చెప్పే మంగళవార్త జపాలు 150 అయ్యాయి. అసలు పూస ఎందుకు? ఎందుకంటే మనసు తప్పిపోతుందని మన పెద్దలకు తెలుసు. మనసు పొయ్యి మీద పాల దగ్గరికి పోయినా, ఆఫీసుకు పోయినా, వేళ్ళు పూస మీదే ఉంటాయి. వేలు పూసను వదలకుండా ఉంటే, మనసు తిరిగి రావడానికి ఒక చోటు ఉంటుంది. జపమాల చెప్పేటప్పుడు మనసు ఎక్కడికో పోయిందని మానేసేవాళ్ళున్నారు ఇక్కడ. నాకు తెలుసు, నాతో చెప్పారు. మానకండి. దయచేసి మానకండి.

సరే, లూర్దుకు వద్దాం. మూడో రోజు జరిగింది చెబుతాను.

నేను వెళ్ళేటప్పుడు మనవాళ్ళు చాలామంది ప్రార్థన మనవులు ఇచ్చారు. కొందరు చీటీలు రాసిచ్చారు, కొందరు ఫోన్‌లో చెప్పారు. అన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాను. 43 మనవులు. ఆఖరి పేజీలో నాది ఒకటి రాసుకున్నాను. నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది ఆఖరి పేజీ కోసమే. మిగతా 43 నాకు బరువు. ఇచ్చిన మాట కదా, చదివేస్తే అయిపోతుంది అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం గుహకు ఎదురుగా బెంచీ మీద కూర్చుని పుస్తకం తీశాను. ఒక మనవికి ఒక మంగళవార్త జపం. మొదటివి గబగబా చెప్పేశాను. ఆరోదో ఏడోదో, ఒక తల్లి రాసిన చీటీ. పేరు చెప్పను. "మా అబ్బాయి మాట్లాడాలి" అని రాసుంది. అంతే. మాటలు రాని పిల్లాడో, అలిగి ఇంటితో మాట మానేసిన పిల్లాడో నాకు తెలియదు. చీటీ తీసుకునేటప్పుడు నేను అడగలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను, అంతే. ఆ మూడు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఈవిడ ప్రతి ఆదివారం నాకు రెండు వరుసల ముందు కూర్చుంటుంది. ఎన్నేళ్ళుగా! నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక గబగబా చెప్పలేకపోయాను. ఒక్కో పేరు దగ్గర ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకున్నాను, అప్పుడు జపం. చీకటి పడింది. రాత్రి తొమ్మిదింటికి కొవ్వొత్తుల ప్రదక్షిణ మొదలవుతుంది. వేలమంది, తలో భాషలో జపమాల. "ఆవే ఆవే", అంటే వందనం వందనం, అని పాడినప్పుడల్లా అందరూ కొవ్వొత్తులు పైకెత్తుతారు. అన్నిటికంటే ముందు ఎవరు వెళతారో తెలుసా? జబ్బుతో ఉన్నవాళ్ళు. చక్రాల బళ్ళలో, నీలం రంగు గూడు ఉన్న బళ్ళలో. ఆ బళ్ళను లాగేది స్వచ్ఛందంగా సేవకు వచ్చినవాళ్ళు. నా పక్కనుంచి ఒక బండి వెళ్ళింది. లాగుతున్నాయనే చాలా పెద్దాయన, అరవై అయిదు దాటుంటాయి. కాస్త దూరం వెళ్ళి ఆగి, వెనక్కి వచ్చి, బండిలో ఉన్నామె కాళ్ళమీద జారిన దుప్పటి సర్దాడు. సర్ది, మళ్ళీ వెళ్ళి లాగాడు. ఇంకాస్త దూరం వెళ్ళి, మళ్ళీ ఆగి సర్దాడు. నేను ప్రదక్షిణలో నడుస్తున్నంతసేపూ ఆ దుప్పటినే చూశాను. నా నోటుపుస్తకం నా చేతిలోనే ఉంది. ఆఖరి పేజీ వరకు రానే లేదు. రాలేదని గుర్తు కూడా రాలేదు.

నా చేతిరుమాలు అప్పుడు విప్పాను.

లూర్దులో ఎంతమందికి స్వస్థత కలిగింది అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. అక్కడ 1883 నుంచి ఒక వైద్య కార్యాలయం ఉంది. స్వస్థత పొందామని ఎవరైనా చెబితే డాక్టర్లు కాగితాలన్నీ పరిశీలిస్తారు. వైద్యంతో వివరించలేం అని వాళ్ళు తేల్చాక గానీ, అది అద్భుతమా కాదా అని బిషపుగారు నిర్ణయించరు. ఇన్నేళ్ళలో శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి 70కి కాస్త పైన. అంతే. కోట్లమంది వెళ్ళారు, 70 పైచిలుకు. శ్రీసభ ఇంత జాగ్రత్తగా ఉంటుందని తెలిస్తే నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది. మరి మిగతా కోట్లమంది ఎందుకు వెళుతున్నారు? వెళ్ళినవాళ్ళే మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళుతున్నారు?

బెర్నదెత్ సంగతే చూడండి. ఆమెకు ఆస్తమా. ఊటను చూపించింది ఆ పిల్లే. 1858 ఫిబ్రవరి 25న మాత చూపించిన చోట మట్టి గీకితే బురదనీళ్ళు వచ్చాయి. మూడుసార్లు తాగలేక పారబోసింది, నాలుగోసారి తాగింది. ముఖమంతా బురద. చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లకు పిచ్చెక్కిందన్నారు. ఆ బురదే తర్వాత తేటపడి ఊటయింది. ఎందరికో ఆ నీళ్ళు మేలు చేశాయి. బెర్నదెత్‌కు ఆస్తమా పోలేదు. 1866లో నెవేర్ అనే ఊళ్ళో మఠానికి వెళ్ళింది, మళ్ళీ లూర్దు ముఖం చూడలేదు. అక్కడ కట్టిన పెద్ద గుడిని ప్రతిష్ఠించినప్పుడు కూడా రాలేదు. 35 ఏళ్ళకు, 1879 ఏప్రిల్ 16న కన్నుమూసింది. ఈ లోకంలో నిన్ను సంతోషపెడతానని మాట ఇవ్వను, పరలోకంలో ఇస్తాను అని మాత ముందే చెప్పింది.

అయ్యో, "నిన్ను" అన్నాను. తప్పు. సరిచేసుకోనివ్వండి, ఎందుకంటే నాకు లూర్దు కథ మొత్తంలో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది.

ఆ పిల్ల ఎవరు? 14 ఏళ్ళది. చదువు రాదు. కొత్త సత్ప్రసాదం, అంటే పూజలో మొదటిసారి ఇచ్చే ప్రసాదం, కూడా ఇంకా తీసుకోలేదు. తండ్రి మిల్లు పోగొట్టుకున్నాడు. పాతకాలపు జైలుగదిలో, ఒక్క గదిలో కుటుంబమంతా ఉంటున్నారు. అంతకుముందు ఏడాదే, పిండి దొంగిలించాడన్న అనుమానంతో తండ్రిని పట్టుకెళ్ళారు. ఊళ్ళో అలాంటింటి పిల్లను ఎవరైనా ఎలా పిలుస్తారు? "ఏయ్, ఇలా రా" అంటారు. ఫిబ్రవరి 18న మూడో దర్శనంలో మాత మొదటిసారి మాట్లాడింది. ఏమంది? "15 రోజులపాటు ఇక్కడికి రావడానికి దయచూపిస్తారా?" అంది. "మీరు" అంది! ఆ పిల్ల సొంత యాసలో, "మీరు దయచేసి వస్తారా" అని అడిగింది. బెర్నదెత్ ఆశ్చర్యపోయింది. ఆమె నన్ను ఒక మనిషి మరో మనిషితో మాట్లాడుతున్నట్టు చూసింది అని తర్వాత చెప్పింది.

మన జపంలో మనమేమంటాం? "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు." మీతో. చిన్నప్పట్నుంచీ అంటున్నాం కదా, అమ్మను "మీరు" అని. ఆ అమ్మ జైలుగది పిల్లను తిరిగి "మీరు" అంది. ఇది తెలిశాక నేను ఆ జపంలో ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నాను. మీరూ ఆగి చూడండి. భక్తి అంటే మనం దేవుని వైపు చూడడం అనుకుంటాం. అటునుంచి మనల్ని ఎంత గౌరవంగా చూస్తున్నారో తెలుసుకోవడం కూడా భక్తే.

ఇంతసేపూ లూర్దు లూర్దు అంటున్నాను, యాత్రకు వెళ్ళలేనివాళ్ళు చాలామంది ఇక్కడున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, మంచం పట్టినవాళ్ళను విడిచి కదల్లేనివాళ్ళు, డబ్బు కుదరనివాళ్ళు. మీకోసం శ్రీసభ ఎప్పుడో ఆలోచించింది. యెరూషలేముకు వెళ్ళి ప్రభువు సిలువ మోసిన దారిలో నడవాలని అందరికీ ఉండేది, అందరూ వెళ్ళలేకపోయేవారు. అందుకే ఆ దారిని ఇక్కడికే, మన గుడి గోడలకే, సిలువమార్గం స్థలాలుగా తెచ్చారు. ఫ్రాన్సిస్కన్ సభవాళ్ళు దాన్ని ఊరూరా వ్యాపింపజేశారు. 1731లో 12వ క్లెమెంట్ పోపుగారు 14 స్థలాలని స్థిరపరిచారు. ఈస్టరుకు ముందు తపస్కాలం శుక్రవారాల్లో మనం స్థలం నుంచి స్థలానికి కదిలి మోకరిస్తామే, అది యెరూషలేము యాత్రే. ఆ మోకాళ్ళ నొప్పితో ఒక్క స్థలం దగ్గర మోకరించినా యాత్రే. మోకరించలేక కూర్చునే తల వంచినా యాత్రే.

వెళ్ళేవాళ్ళకు రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. బయలుదేరే ముందే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోండి, అక్కడికెళ్ళాక చూద్దామని వాయిదా వేయకండి. ఫోటోలు తీసుకోండి, తప్పులేదు, కానీ గుహలో ఫోన్ జేబులో పెట్టండి. ఆ రాతిని తాకడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఊటనీళ్ళ స్నానాల దగ్గర ఇప్పుడు ఎక్కువగా దోసిట్లో నీళ్ళు పోస్తారు, ముఖం కడుక్కుని తాగమంటారు. నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి, పెద్దవాళ్ళు చూసుకోండి. జబ్బుగా ఉన్నవాళ్ళ బండి కనబడితే పక్కకు తప్పుకోండి, వీలైతే ఒక చెయ్యి వేయండి. ఏమీ అనిపించకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళండి.

నేను తిరిగొచ్చిన మొదటి ఆదివారం, పూజ అయ్యాక, ఆ తల్లి దగ్గరికి వెళ్ళాను. మీ అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో అది ఆవిడ సంగతి, ఇక్కడ చెప్పను. ఇప్పుడు ప్రతి ఆదివారం మాట్లాడుకుంటాం.

ఆ గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టించాను, చూశారా? పొద్దున వచ్చేటప్పుడు మీరందరూ ఒక్కో మనవి రాసి వేశారు. పిల్లలూ, ఆ బుట్ట ఇలా తీసుకురండి, అందరికీ ఒక్కో చీటీ ఇవ్వండి. యాత్రకు వెళ్ళేవాళ్ళకూ, వెళ్ళనివాళ్ళకూ. మీది మీకే వస్తే మార్చుకోండి. విప్పి చదవండి. అర్థం కాకపోయినా పర్వాలేదు. అందరికీ అందాయా? అక్కడ, కిటికీ పక్క పెద్దమ్మగారికి అందలేదు, ఇవ్వండి నాన్నా. సరే. మీ చేతిలో ఉన్నవాళ్ళ కోసం ఒక్క పది పూసలు చెబుదాం. పితాపుత్ర పవిత్రాత్మ నామమున…